వాచిన కంటికి ఒక మొగుడు

“ఎవురన్నా అడిగితే మా వాడు కొట్టినాడని సెప్పు.”

తిమ్మక్క ఈ మాట గోంగూర తుంచుకుంటూ, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అంది. కోడలు యశోద జొన్నరొట్టెలు తడుతోంది. పిడికిళ్లు వాచి వేళ్లు సరిగా సాగడం లేదు, రొట్టె అంచులు చీలిపోతున్నాయి. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయి, చుట్టూ నేరేడుపండు రంగు తేలింది. కుడి కంటితోనే అత్త వైపు చూసింది.

“మీ కొడుకు కొట్టలేదు కదత్తా.”

“కొట్టలేదని నాకు తెల్దా? ఆడమనిషి నిక్కరేసుకోని, బెంగళూరులో నలుగురి ముందర కొట్లాడి వచ్చిందంటే మేము తలెత్తుకోని తిరగాల్నా, వద్దా? మొగుడు కొట్టినాడంటే ఎవురూ ఏమీ అడగరు.”

ఆ చివరి మాట నిజం. యశోద చీలిన రొట్టె అంచును మళ్లీ అదిమింది.

యశోదది పెద్దకడుబూరు దగ్గర పల్లె. ఆదోనిలో హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో, పత్తి గోడౌన్ వెనక రేకుల షెడ్డులో ఉరుకుందప్ప సారు పిల్లలకు బాక్సింగ్ నేర్పుతుంటే చూడటానికి వెళ్లి, అక్కడే ఉండిపోయింది. జిల్లా, రాష్ట్రం, ఒకసారి జాతీయ పోటీల్లో కంచు పతకం. పెళ్లిచూపుల్లో పతకాలు ఎవరూ చూడలేదు. ముక్కు వంకర పోలేదు కదా అని మాత్రం తిమ్మక్క పరీక్షగా చూసింది. పోలేదు. అమెచ్యూర్ పోటీల్లో ఆడవాళ్లు తలకు కవచం పెట్టుకుంటారు, దెబ్బలు తగిలినా ముఖం మీద అంతగా కనపడవు. కట్టుకున్న జయరాం చెడ్డవాడేం కాదు. ఎమ్మిగనూరులో బట్టల షాపులో పనిచేస్తాడు, గట్టిగా మాట్లాడటం కూడా తక్కువ. “ఆడుకో. మొగం మీద మాత్రం ఏమీ కనపడకూడదు” అన్నాడు. ఆ ఒక్క షరతు మీద పెళ్లయ్యాక కూడా ఆమె ఆట సాగింది.

తెల్లారేలోపు ఇంటిపని ముగించి, మొదటి బస్సుకు ఆదోని వెళ్లి సాధన చేసి, తిరిగొచ్చి తను పీఈటీగా ఉన్న ప్రైవేటు స్కూలుకు పరుగెత్తేది. అక్కడ విజిల్ ఊదేది తక్కువ. మీటింగులకు టీలు అందించడం, చిన్నపిల్లలకు జడలు వేయడం, వాంతి చేసుకున్నవాళ్లను కడగడం ఎక్కువ. “మీరైతే ఓపిగ్గా చేస్తారు మేడమ్” అనేవాడు కరస్పాండెంటు. ఆమెకు అంత ఓపిక ఎక్కడిదో గాని, రెండో పీఈటీ సారుకు జడ వేయడం రాకపోవడం మాత్రం ఎంత అదృష్టమో! ఇక వీధికి తిమ్మక్క చెప్పిపెట్టిన సంగతి ఏమిటంటే, ఆ బాక్సింగేదో పెళ్లితోనే ఆగిపోయింది, కోడలు పొద్దున్నే బస్సెక్కేది టీచర్ల ట్రైనింగుకు.

ఏటా సెలెక్షన్లలో యశోద పేరు చివరిదాకా ఉండి జారిపోయేది. “ఇట్ల కాసుకోని కూసుంటే వయసైపోతాదమ్మా. ప్రొఫెషనల్‌కు మారు” అన్నాడు ఉరుకుందప్ప సారు. ప్రొఫెషనల్‌లో గ్లోవ్స్ చిన్నవి, తలకు కవచం ఉండదు. అదీ చెప్పాడాయన. కవచం ఉండదన్న సంగతి యశోద ఇంట్లో చెప్పలేదు, చెబితే పంపరు. బెంగళూరులో మొదటి బౌట్. హర్యానా నుంచి వచ్చిన పిల్ల రెండో రౌండులో కంటి మీద ఒకటి ఇచ్చుకుంది. యశోద ఆ పిల్ల పక్కటెముకల మీద అంతకంతా తీర్చుకుని, పాయింట్ల మీద గెలిచింది. చెయ్యి పైకెత్తి మైకులో “యశోద, ఆదోని” అన్నారు. ఫలానావాడి పెళ్లామనలేదు, ఫలానావాళ్ల కోడలనలేదు. బస్సు దిగేదాకా ఆ రెండు మాటలే చెవుల్లో ఉన్నాయి. దిగి ఇంటికొస్తే, జయరాం ఆమె ముఖం చూసి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్లిపోయాడు.

ఈ జయరామే పెళ్లికి ముందు ఒక దసరాకు దేవరగట్టులో దేవుడి ఉత్సవం నాడు జరిగే కర్రల కొట్లాటలో నిలబడి తల పగలగొట్టుకుని వచ్చాడు. ఆ గాయానికి పసుపు అద్ది, వచ్చిన చుట్టాలందరికీ చూపించుకుంది తిమ్మక్క. జుట్టు పక్కకు తీసి ఆ మచ్చ అతను ఇప్పటికీ చూపిస్తాడు. అతని దెబ్బకు దేవుడి తోడుంది. యశోద దెబ్బకు మొగుణ్ణి తోడు తేవాల్సి వచ్చింది. మళ్లీ ఆడనివ్వాలంటే ఈ అబద్ధం చెప్పాలి, ఇంట్లో తేలిన ఒప్పందం అది. ఒక్క అబద్ధమే కదా అని యశోద ఒప్పుకుంది.

వీధి నిజంగానే ఏమీ అడగలేదు. కుళాయి దగ్గర ఒకామె “ఏం తప్పు సేసిందో ఏమో పాపం” అని బిందె పక్కకు జరిపి దారిచ్చింది. స్టాఫ్ రూములో ఒక మేడమ్ ఎవరూ చూడకుండా తన పౌడరు డబ్బా చేతిలో పెట్టింది. టీ అంగడి దగ్గర మగవాళ్లు జయరాంతో “మెత్తనోడివనుకుంటిమి, పర్వాలేదప్పా నువ్వు” అన్నారట. మొదటిరోజు ఆ మాట అతను నవ్వుతూ చెప్పాడు. రాన్రానూ నవ్వడం మానేశాడు. మంచినీళ్లడిగే గొంతు మారింది. ఒకరోజు చారు చల్లారిందని చెయ్యెత్తాడు. యశోద గడ్డం దానంతట అదే దిగి, రెండు పిడికిళ్లూ ముఖానికి అడ్డం లేచాయి. జయరాం చెయ్యి గాల్లోనే ఆగింది. “తమాషాకులే” అన్నాడు. తమాషా కాదని ఇద్దరికీ తెలుసు. చేయని పనికి దక్కిన గౌరవం అతనికి రుచి తగిలింది. యశోదకు భయం వేసింది, రింగులో ఎన్నడూ వేయనంత భయం. అయినా ఊరుకుంది. ఆదివారం హైదరాబాదులో రెండో బౌట్ ఉంది.

ఇంకా ఆ ఆదివారం రాకముందే, ఒక మధ్యాహ్నం ఎదురింటి సావిత్రమ్మ కూతురు పద్మ వచ్చింది. కొత్తగా పెళ్లయి కోసిగికి కాపురానికి పోయిన పిల్ల. జాకెట్టు చెయ్యి పైకి జరిపి చూపించింది. భుజం దాకా బెల్టు వాతలు.

“అక్కా, వాపు దిగేదానికి నువ్వేం పూస్తావు?”

యశోద ఐసు గుడ్డలో చుట్టి అద్దింది. “మీ యమ్మకు సెప్పినావా?”

“సెప్పినా. పోనని ఏడ్చినా. మా యమ్మ నిన్నే సూపించింది. ‘ఆ యశోదను సూడు, బాక్సింగ్ నేర్చిన మనిషే మొగుడు కొడితే నోరు మూసుకోని పడుండాది, నీకేమొచ్చింది’ అన్నాది. రేపు బస్సెక్కిస్తాదంట.”

ఒక్క అబద్ధమే కదా అనుకుంది యశోద. అది తన కంటి మీదే ఉంటుందని, వాపుతోపాటే దిగిపోతుందని అనుకుంది. అది రోడ్డు దాటి ఎదురింట్లో దూరిందని ఇప్పుడు తెలిసింది. ఇన్నేళ్లు ఒళ్లు హూనం చేసుకుని సంపాదించిన బలం ఇంకొక ఆడపిల్ల నోరు మూయించడానికి పనికొచ్చింది. సిగ్గేసింది. ఎవరి మీదో కాదు, తన మీద తనకే ఒళ్లు మండింది. నిజం చెబితే హైదరాబాదు చేజారుతుంది. చెప్పకపోతే ఈ పిల్ల రేపు బస్సెక్కుతుంది. ఐసు నీళ్లు మోచేతి మీదుగా కారుతుండగానే పద్మ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటింది.

సావిత్రమ్మ అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్లు శనక్కాయలు ఒలుస్తున్నారు.

“సావిత్రమ్మత్తా, మా ఆయప్ప నన్నెప్పుడూ కొట్టలేదు.”

సావిత్రమ్మ నవ్వింది. “దాపెట్టుకునేదేముందిలేమ్మే. అందరిండ్లల్లో ఉండేదే.”

“దాపెట్టుకునేది కాదత్తా. బెంగళూరులో ఒక హర్యానా పిల్ల కొట్టింది. నేనూ కొట్టినా, గెలిచినా. అది ఆట. ఇదో, ఫోన్లో ఉంది, సూడండి.” అందరూ ఫోను మీదికి వంగారు. “ఆయప్పే కొట్టింటే నేను ఆ ఇంట్లో ఉండేదాన్నే కాదు. నన్ను సూపించి మాత్రం పద్మను పంపొద్దండి.”

ఒకామె నిక్కరు చూసి నోటి మీద చెయ్యేసుకుంది. ఇంకొకామె మళ్లీ మొదటినుంచి పెట్టమంది. పంపనులే అని సావిత్రమ్మ అనలేదు. గుమ్మం పక్కన సర్దిపెట్టిన కూతురి సంచి మాత్రం లోపలికి తీసుకుపోయింది.

యశోద ఇల్లు చేరేసరికి మాట ముందే చేరింది. జయరాం షాపు నుంచి వచ్చేశాడు. తిమ్మక్క నడవలో నిలబడి ఉంది.

“నా కొడుకు పెండ్లాన్ని కొట్టడని వీధంతా సాటింపేసి వచ్చినావు కదే! వాని మర్యాద ఏం కావాల?”

అన్నాక ఆ మాట తన చెవినే పడిందో ఏమో, ఆవిడ ఆగిపోయింది. జయరాం తలెత్తలేదు. “ఇంగ హైదరాబాదు లేదు, ఏమీ లేదు” అన్నాడు నేల చూస్తూ.

యశోద లోపలికి వెళ్లి గ్లోవ్స్ బ్యాగులో పెట్టి, జిప్పు లాగి, బ్యాగుతో సహా వచ్చి అతని ఎదుట నిలబడింది.

“ఆదివారం పోతాండాను. ఆ మర్యాద నీకు అంతగా కావాల్నంటే, నిజంగానే కొట్టి సంపాదించుకో” అంది, గొంతు పెంచకుండా. “కాని నేను తిరిగి కొడతా. ఇప్పుడు నా పనే అది.”