వర్జ్యం దాటేదాకా

నేను ఒక భూతద్దాన్ని. పేరులో భూతం ఉందని జడుసుకోకండి. నా వల్ల ఎవరికీ ఏ పీడా లేదని మొన్నమొన్నటిదాకా నేనూ అనుకునేదాన్ని. గోరంతని కొండంత చేసి చూపించడం నా వృత్తి. ఆ పని మనుషులు నాకంటే బాగా చేస్తారు, అయినా ఎందుకో నన్ను కూడా తెచ్చి ఇంట్లో పెట్టుకుంటారు. ప్రస్తుతం రాజమండ్రిలో ఒక భోజనాల బల్ల సొరుగులో, ఎండిపోయిన పెన్నుల మధ్య పడి ఉన్నాను. ఎందుకిలా పడి ఉన్నానో ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నా ప్రాణం కుదుటపడేలా లేదు.

పుట్టింది అంబాలాలో. గాజుబిళ్ళలు సానబట్టే కార్ఖానాలో ఒక ముసలాయన నన్ను నున్నగా అరగదీసి, చుట్టూ ఇత్తడి కట్టు వేసి, నల్లటి పిడి బిగించాడు. బిగించాక నాలోంచి తన బొటనవేలు చూసుకున్నాడు. దాని మీది పగుళ్ళు చూసి మొహం చిట్లించి నన్ను పెట్టెలో పడేశాడు. నన్ను మొదటిసారి చేతికి తీసుకున్న వాళ్ళందరూ చేసే పని అదే.

రాజమండ్రిలో నా మొదటి యజమాని పేరిశాస్త్రి అనే హస్తసాముద్రికుడు. గోదావరి గట్టున గొడుగు కింద కూర్చుని చేతులు చూసేవాడు. పద్నాలుగేళ్ళు ఆయన దగ్గర ఊడిగం చేశాను. వచ్చిన ప్రతివాడూ అడిగేది ఒక్కటే, ముందేం జరగబోతోందని. నాకు కనిపించినవేమో కాయలు, కాలిన మచ్చలు, సున్నం తిన్న గీతలు. అంటే అన్నీ జరిగిపోయిన సంగతులే. శాస్త్రి మాత్రం వాటిలోనే విదేశీయానం, సొంతిల్లు, మంత్రిపదవి అన్నీ చూసేసేవాడు. పొట్టకూటి కోసం ఆడిన మాటలు కదా, పాపం, నేను తప్పు పట్టలేదు. చివరికి ఆయన కళ్ళకే శుక్లాలు వచ్చాయి. కూతురి ఊరికి వెళ్ళిపోతూ నన్ను పక్క వాటాలో ఉండే తాతారావు చేతిలో పెట్టి, "మీది పటాలు గీసే ఉద్యోగం కదండీ, మీకు పనికొస్తుంది" అన్నాడు.

తాతారావు ధవళేశ్వరంలో నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్. కాలవ పటంలో అంగుళం తేడా వస్తే అన్నం సహించేది కాదు ఆయనకి. మంచి మనిషి, పరుషమైన మాట ఎరగడు. ఒకటే జబ్బు. పంచాంగం చూడనిదే గడప దాటడు. బజారుకి పోవాలన్నా, బంధువు ఇంటికి పోవాలన్నా, ఆఖరికి పంటి డాక్టరు దగ్గరికి పోవాలన్నా వర్జ్యం ఎప్పుడు మొదలై ఎప్పుడు దాటుతుందో చూడాల్సిందే. ఆ సన్నక్షరాల కోసం నేను కావాలి. అలా రోజూ పొద్దున్నే పంచాంగం మీద నాకు డ్యూటీ పడింది.

ఆయన భార్య సత్యవేణికి ఈ పట్టింపులేవీ లేవు. ఆవిడకి రంగులే పంచాంగం. తాడితోట బట్టల బజారులో ముప్పై ఏళ్ళు మ్యాచింగ్ సెంటర్ నడిపింది. చీర తీసుకొచ్చి గల్లా మీద పెట్టగానే, ముట్టుకోకుండానే, వెనక్కి తిరిగి సరిగ్గా ఆ రంగు జాకెట్టు గుడ్డ లాగేది. నీలం అంటే మనకి ఒక్కటే నీలం. ఆవిడకి నెమలికంఠం వేరు, రామా బ్లూ వేరు, ఆనందా బ్లూ వేరు, ఇంకు రంగు వేరు, ఉజాలా వేసిన పంచె రంగు వేరు. అలాంటి మనిషి ఒకరోజు ఆకుపచ్చ చీరకి బూడిదరంగు గుడ్డ కోసి ఇచ్చింది. కొన్నావిడ నవ్వింది గానీ, సత్యవేణి నవ్వలేదు. ఆ వారమే షాపు మూసేసింది.

"కంటి నరం ఎండిపోతోందమ్మా" అన్నాడు కాకినాడ డాక్టరు. ముందు రంగులు పోతాయని, ఆ తర్వాత చూపే పోతుందని, ఏడాదికి మించి నమ్మకం లేదని చెప్పాడు. ఈ మాటలు నాకెలా తెలుసంటే, చీటీ చదవడానికి ఆవిడ సంచిలో నేనూ వెళ్ళాను. బయట గోడకి ఒక క్యాలెండరు ఉంది. మందుల కంపెనీ వాళ్ళది. అందులో ఒక సముద్రపు గుహ, గుహలో నీళ్ళు, నీళ్ళలో కింద ఎవరో దీపం పెట్టినట్టు వెలిగిపోతున్న నీలం. సత్యవేణి లేచి వెళ్ళి నన్ను ఆ బొమ్మకి ఆనించి చాలాసేపు చూసింది.

"ఏవండీ, ఈ నీలం గుడ్డ నా షాపులో ఎప్పుడూ లేదండీ. ముప్పై ఏళ్ళలో ఎవ్వరూ ఈ రంగు చీర తేలేదు. ఇది ఉత్త అచ్చేనా, నిజంగా ఉంటదా?" అంది.

బొమ్మ కింద సన్నగా రాసింది నేనే చూపించాను. మాల్టా అట. మధ్యధరా సముద్రంలో చిన్న ద్వీపం.

"ఉంటే చూద్దాంలే" అన్నాడు తాతారావు. ఆ మాట మామూలుగా అన్నమాటే అనుకున్నాను గానీ, ఆయన ఇంటికి రాగానే డ్రాయింగు కాగితం పరిచాడు.

అబ్బబ్బ, ఆ ఆరు వారాలు నన్ను ఊపిరి తీసుకోనివ్వలేదు! ద్వీపం పటం ఒక పక్క, బస్సుల పట్టిక ఒక పక్క, మధ్యలో పంచాంగం. సోమవారం సాయంత్రం దిగడం, శనివారం బయల్దేరడం. కోటలు ఎర్రసిరాతో, చర్చిలు ఆకుపచ్చసిరాతో, గుహ నీలంతో గీశాడు. వేసవిలో ఆ సముద్రం మాటమీద నిలబడదని, గాలి లేచిందంటే పడవలు కట్టేస్తారని, పొద్దున పూట ఎండ పడితేనే ఆ నీలం కనిపిస్తుందని కూడా ఎక్కడో చదివి అంచున రాసుకున్నాడు. ముసలి మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ బల్ల మీదికి వంగి ఆ పటం చూస్తుంటే నాకూ ముచ్చటేసింది. పిల్లల్లేని ఇల్లు, ఎన్నాళ్ళకో కళకళలాడింది.

"దిగిన మర్నాడే గుహ చూసేద్దామండీ. మిగతావి చూస్తే చూశాం, లేకపోతే లేదు" అంది సత్యవేణి.

"మర్నాడు మంగళవారమే! నీళ్ళ మీద ప్రయాణం, పైగా నీ కళ్ళ వ్యవహారం. మంగళవారం పెట్టుకుంటామా?"

"ఆ ఊళ్ళో మంగళవారానికి పట్టింపు ఉండదేమోనండీ."

"ఊరు వాళ్ళది గానీ, ప్రాణం మనది కదా. బుధవారం పెడుతున్నాను. తొమ్మిది పదినుంచి పది నలభై ఆరుదాకా వర్జ్యం. అది దాటాక ఎక్కుదాం" అని బుధవారం గడిలో నీలంగా గుండ్రం చుట్టాడు.

ఆయన పట్టుబట్టేది తన కళ్ళ కోసమేనని ఆవిడకి తెలుసు. అదే కదా మరి, పట్టుబట్టే మనిషి మీద కోపం ఎలా వస్తుంది?

మాల్టాలో విమానం దిగగానే తాతారావు చేసిన మొదటి పని, వాచీ మూడున్నర గంటలు వెనక్కి తిప్పుకోవడం. పంచాంగాన్ని మాత్రం తిప్పలేదు. గడియారం దేశాన్ని బట్టి మారుతుందని ఆయనకి తెలుసు. వర్జ్యం ఆకాశంలో ఉండే సంగతి, అది ఎక్కడికి పోయినా అదే గంటకి వస్తుందని ఆయన ధీమా. నాకూ తట్టలేదు. అక్షరాన్ని పెద్దది చేయడమే నా పని, అర్థం చేసుకోవడం కాదు.

మంగళవారం ఊరంతా తిరిగారు. ఇళ్ళకి చెక్క బాల్కనీలు, ఒక్కోదానికీ ఒక్కో రంగు. సత్యవేణి తల పైకెత్తి, కళ్ళు చికిలించి, "ఇది చిలకపచ్చ కదండీ? అది కుంకుమరంగేనా?" అని అడుగుతూ నడిచింది. నాలుగింటిలో ఒకటి తప్పు చెప్పింది. ఆయన అన్నిటికీ ఔననే అన్నాడు. ఆ రోజంతా సముద్రం పళ్ళెంలో పోసిన నీళ్ళలా కదలకుండా ఉంది.

బుధవారం కూడా పొద్దున్నే అలాగే ఉంది. తొమ్మిదింబావుకల్లా పడవల రేవుకి చేరారు. కొండ కింద చిన్న మెట్ల రేవు, ఆరేడు రంగుల పడవలు. ఎర్రగా కాలిపోయిన మొహంతో ఒక పడవవాడు కదలని సముద్రాన్ని చూపిస్తూ చెయ్యి ఊపాడు. "కమ్, మేడమ్, కమ్! సీ గుడ్ నౌ!"

సత్యవేణి ఒక మెట్టు దిగింది. తాతారావు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంకా గంటన్నర ఉందే."

"ఎండ బాగా పడిందండీ. వీళ్ళంతా ఎక్కుతున్నారు కదా."

"ఇంతదూరం వచ్చాం. గంటన్నర ఆగలేమా? నీకేమైనా అయితే నేను తట్టుకోలేను వేణీ."

ఆగారు. రాతి మెట్టు మీద పక్కపక్కనే కూర్చున్నారు. వాళ్ళ ముందునుంచే పడవలు వెళ్ళాయి, వచ్చాయి. దిగినవాళ్ళు తడిసిన కాళ్ళతో నవ్వుకుంటూ, తమ భాషల్లో ఆశ్చర్యపోతూ మెట్లెక్కారు. పడవవాడు రెండుసార్లు వచ్చి పిలిచాడు. మూడోసారి వాచీ చూపించాడు, ఆకాశం చూపించాడు, బుగ్గలు పూరించి ఊదుతూ గాలి వస్తుందని సైగ చేశాడు. తాతారావు తన వాచీ చూపించి, పదకొండుకి అన్నట్టు వేళ్ళు చూపించాడు. అతను ఈయన్ని వింతగా చూసి వెళ్ళిపోయాడు. నాకు నోరుంటే ఏం అరిచేదాన్నో!

పదింబావుకి ఆవిడ కొంగు ఎగిరింది. పదిన్నరకి నీళ్ళ మీద తెల్లటి నురగ లేచింది. వెళ్ళిన పడవలు గబగబా వచ్చేశాయి, ఒకదాని వెనక ఒకటి మోకులు వేసి కట్టేశారు. వాచీలో పది నలభై ఆరు అయ్యేసరికి తాతారావు లేచి, పంచె సర్దుకుని, "పద, దాటింది" అన్నాడు. పడవవాడు రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

"ఫినిష్, సర్. ఫినిష్."

గురువారం గాలి. శుక్రవారం గాలి. రెండు రోజులూ పొద్దున్నే వెళ్ళి రేవులో నిలబడి వచ్చారు. శుక్రవారం రోడ్డు మీదనుంచైనా చూద్దామని కొండ ఎక్కారు. సత్యవేణి సంచిలోంచి నన్ను తీసి, చెయ్యి చాపి, సముద్రం వైపు పట్టింది. అమ్మా, నేను దగ్గరివాటికే గానీ దూరపువాటికి పనికిరానని ఎలా చెప్పను? ఆవిడకి నాలో తలకిందులుగా ఒక మసక మాత్రం కనిపించింది. "అంతా బూడిదరంగేనండీ" అంది. నన్ను సంచిలో వేసేసి, "మాయదారి గాలి!" అని తిట్టింది.

ఆ మధ్యాహ్నం ఆవిడ పడుకుంది. శనివారం ఎప్పుడు గది వదలాలో చూద్దామని తాతారావు పంచాంగం తెరిచి నన్ను పట్టుకున్నాడు. మనసు మనసులో లేదేమో, పేజీ తప్పి మొదటి అట్ట లోపలివైపు తెరుచుకుంది. అట్ట అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ఇందులోని సమయాలన్నీ భారత కాలమానం ప్రకారం ఇవ్వబడినవి, ఇతర దేశాలవారు తమ కాలమానానికి సవరించుకొనవలెను.

ఎన్నేళ్ళుగానో ఆ పంచాంగాలు కొంటున్నాడు. రాజమండ్రిలో ఉన్నవాడికి ఆ వాక్యంతో ఏం పని? ఆయన మూడుసార్లు చదివాడు. మూడుసార్లూ నేనే పెద్దది చేసి చూపించాను. తర్వాత వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. పది నలభై ఆరులోంచి మూడున్నర. ఏడుంబావు. బుధవారం ఏడుంబావుకే వర్జ్యం దాటిపోయింది. అప్పటికి వాళ్ళింకా హోటల్లో కాఫీ అయినా తాగలేదు. పడవవాడు మొదటిసారి చెయ్యి ఊపేసరికి ఏ దోషమూ లేదు, ఏ అడ్డూ లేదు, ఎండ కూడా ఉంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? పంచాంగం మూసి పెట్టె అడుగున బట్టల కింద పెట్టాడు. స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి విప్పాడు. చాలాసేపు నీళ్ళు పోతూనే ఉన్నాయి.

ఇంటికొచ్చాక సత్యవేణి తనని తాను ఓదార్చుకుంది. పలకరించడానికి వచ్చినవాళ్ళందరితోనూ, "అన్నీ బాగున్నాయండీ, ఆ గాలే మా కొంప ముంచింది" అని చెప్పి, గాలిని నాలుగు తిట్లు తిట్టి, చివరికి తనే నవ్వేసేది. శ్రావణమాసం వచ్చేసరికి రంగులన్నీ పోయాయి. దసరాకి వెలుతురూ నీడా మాత్రమే మిగిలాయి. తాతారావు వంట నేర్చుకున్నాడు. కంచంలో అన్నం వడ్డించి, పప్పూ నెయ్యీ తనే కలిపి ముద్దలు చేసి ఆవిడ చేతికి అందించేవాడు. మనిషి మాత్రం చిక్కిపోయాడు. పొద్దున్నే పంచాంగం చూడడం మానేశాడు, నన్ను ముట్టుకోవడమూ మానేశాడు. ఈయనకేదో జబ్బు చేసిందని ఆవిడ బెంగపెట్టుకుంది. డాక్టరు దగ్గరికి పదండని రోజూ పోరేది.

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన చెప్పేశాడు. కళ్ళు కనపడని మనిషి ముందు కూర్చుని, కంచంలో అన్నం కలుపుతూ, సన్నక్షరాల సంగతి, మూడున్నర గంటల సంగతి, అంతా. "దాచలేకపోతున్నాను వేణీ. నన్ను క్షమించు" అన్నాడు. నేను బల్ల మీదే, మంచినీళ్ళ చెంబు పక్కనే ఉన్నాను. క్షమించేస్తుందిలే, అంత మంచి మనిషి కదా అనుకున్నాను.



"గాలిని తిట్టుకుంటా హాయిగా ఉన్నానండీ ఇన్నాళ్ళూ" అంది సత్యవేణి. "అది నాకేమీ కాదు, ఎంత తిట్టినా పడి ఉండేది. ఎందుకు చెప్పారండీ నాకు? మీ బరువు దించుకోడానికా? ఇప్పుడు నేను ఎవర్ని తిట్టుకోవాలి? నాకు రోజూ అన్నం కలిపి పెడుతున్న చేతినా?"

ఆయన ముద్ద అందించాడు. ఆవిడ చేత్తో తడిమి ఆయన చెయ్యి పక్కకి నెట్టి, కంచం తనవైపు లాక్కుంది. ఆ లాగడంలో నేను దొర్లి, తెరిచి ఉన్న సొరుగులో పడ్డాను. ఎవరూ తీయలేదు.

ఆ పూట ఆవిడ తనే కలుపుకుని తింది. సగం మెతుకులు కంచం బయట పడ్డాయి. ఆయన వాటిని ఎత్తడానికి కూడా ధైర్యం చాలక, చూస్తూ కూర్చున్నాడు.