నాంచారమ్మ పెట్టె తాళం

నాంచారమ్మకు తెలియని శాస్త్రం లేదు. అది ఏ శాస్త్రమని అడిగే ధైర్యం మా దుర్గిలో ఎవరికీ లేదు. తల్లి లేని పిల్ల కాబట్టి కోడలు అంజమ్మకు తొలి పురుడు అత్తింట్లోనే వచ్చింది.

"పొట్ట నిండా తింటే బిడ్డకి చోటేదే?" అంటూ నెల తప్పినప్పటి నుంచీ కోడలి కంచంలో సగం సంగటి తీసేసేది. యుద్ధం రోజులు, నెయ్యి కంటికి కనపడని కాలం. అయినా ఏడో నెలలో అంజమ్మ తండ్రి బెల్లంకొండ నుంచి బుట్టెడు సున్నుండలు మోసుకొచ్చాడు. కడుపుతో ఉన్న పిల్ల నెయ్యి తినకూడదట. బుట్ట పెట్టెలోకి పోయింది, తాళంచెవి నాంచారమ్మ రొంటిన చేరింది. ఆ తర్వాత ఆమె పక్కన కూర్చుంటే నెయ్యి వాసన వచ్చేది. పక్కింటిదాన్ని, నాకు తెలియదా?

తెల్లవారుతూనే నొప్పులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి పిల్ల కళ్లు తేలేసింది.

"అక్కా, ఒంట్లో బలం లేదు. ఏదన్నా తాగించకపోతే పిల్ల దక్కదు," అంది మంత్రసాని కుల్సుంబీ.

"బలం కాదు. ముడులూ తాళాలూ తియ్యలా, అందుకే బిడ్డ బిగుసుకుంది," అంది నాంచారమ్మ.

ఇక వీధంతా హడావిడి. మేం జడలు విప్పుకున్నాం. సత్తార్ కొట్టు తాళం తీశాడు. అంజమ్మ మొగుడు సుబ్బన్న మొలతాడు కూడా విప్పాడు. పలుపులు విప్పిన గొడ్లు పోయి రోశయ్య జొన్నచేలో పడ్డాయి. బిడ్డ మాత్రం రాలేదు.

అంజమ్మ కళ్లు తెరిచింది. "అత్తా, నీ పెట్టె?"

"అది చిన్న తాళమేలే. దానికి పట్టింపు లేదు."

"ఏందమ్మా పట్టింపు లేంది? నా పెళ్లాం చస్తంటే!" గుమ్మం బయటి నుంచి సుబ్బన్న అరిచాడు. తల్లి మీద గొంతు లేపడం అదే మొదలు.

పెట్టె తెరుచుకుంది. బుట్ట అడుగున నాలుగే నాలుగు ఉండలు మిగిలాయి. కుల్సుంబీ ఎవరినీ అడక్కుండా రెండు తీసి పాలలో చిదిపి తాగించింది. ఆ పిల్ల ఆబగా తాగుతుంటే నాకు ఏడుపొచ్చింది. నాంచారమ్మ మీద ఒళ్లు మండింది కూడా.

పొద్దు వాలేసరికి ఆడపిల్ల కేరుమంది.

"చూశారా, తాళం తియ్యగానే వచ్చింది!" అని నాంచారమ్మ మళ్లీ తాళం అందుకుంది.

"వెయ్యమాక అత్తా," అంది అంజమ్మ నీరసంగా. "పురిటికి తీసిన తాళం బిడ్డకి పళ్లొచ్చేదాకా వెయ్యకూడదంట. వేసినామెకి నోరు పడిపోద్దంట."

"ఏ శాస్త్రంలో ఉందే అది?"

"నువ్వు చెప్పేదాంట్లోనే, అత్తా."

నాంచారమ్మ కోడలి వంక చూసింది, మా అందరి వంకా చూసింది. కొంగుతో ఒకసారి నోరు తడుముకుని తాళం కింద పెట్టేసింది.