తాలుకాయలు

కందికాయలు ఉడుకుతున్న గిన్నె మూత తీసి ఉప్పు చూశాను. సరిపోయింది. ఈ ఇంట్లో ఎవరూ వంక పెట్టనిది నా చేతి ఉప్పు ఒక్కటే.

హాల్లో మా ఆయన సత్యదేవ్‌కి పై ఆఫీసరైన ఓంప్రకాశ్ గారు, ఆయన భార్య అనుపమ గారు కూర్చున్నారు. మెట్టుగూడ నుంచి మా సైనిక్‌పురి ఇంటికి రావడం ఇదే మొదలు. ఉప్పేసి ఉడకబెట్టిన పచ్చి కందికాయలంటే వాళ్ళకి ప్రాణమని సత్యదేవ్ అనగానే అత్తయ్య డాబా ఎక్కి, నా కుండీల్లో ఉన్నవన్నీ కోసుకొచ్చేశారు. "నీకెందుకు శ్రమని నేనే కోసేశానమ్మాయ్" అంటూ బేసిన్ నా చేతిలో పెట్టారు.

ఎడమ వరస కుండీలకి రోజూ నీళ్ళు పోశాను. కుడి వరసకి పూత మొదలవగానే ఆపేశాను. ఆ దశలో నీరందకపోతే కందికి పువ్వు ఎంత రాలుతుంది, నిలిచిన కాయలో గింజ ఎంత కడుతుంది, ఇదే నా పీహెచ్‌డీ. రేపు మా గైడు దేవకృప మేడం వచ్చి, ఏ కుండీ కాయలు ఆ కుండీకి విడిగా చూడాలి. ఇప్పుడు రెండు వరసలూ ఒకే బేసిన్‌లో కలిసిపోయాయి. పోయినేడు అకాల వర్షం నా పంటని తడిపి పాడుచేసింది. డిగ్రీ కాలేజీలో నా కాంట్రాక్టు ఉద్యోగం పర్మనెంటు కావాలంటే ఈ పట్టా తప్పదు.

అరవొచ్చు కదా. అరవలేదు. కడిగి పొయ్యి మీద పెట్టాను. అత్తయ్యని ఏమనగలను? ఆవిడకి నేనసలు చెబితే కదా! "నలభై దాటాక పీహెచ్‌డీ ఏమిటి యోగితా, నలుగురూ నవ్వుతారు" అని సత్యదేవ్ అన్నరోజు నాకు నిజంగానే సిగ్గేసింది. ఈ మొక్కలెందుకని ఎవరైనా అడిగితే ఊరికే టైంపాస్ అనేదాన్ని. బట్టలారేసే వంకతో బకెట్లు మోశాను. కుడి వరస వాడిపోతుంటే అత్తయ్య చూసి జాలిపడి నీళ్ళు పోస్తారేమోనని వాటిని ట్యాంకు చాటుకి జరిపాను. మొక్కల్ని దాచినట్టే చదువునీ దాచాను. దొంగసొత్తు కూడా ఇంత భయంగా దాచరేమో.

ప్లేట్లు పట్టుకెళ్ళి ఇచ్చాను. అనుపమ గారు ఒక కాయ ఒలిచారు, ఇంకొకటి ఒలిచి మొహం చిట్లించారు.

"ఏందీ, ఇవి సగం తాలుకాయలే ఉన్నయి! లోపల గింజే లేదు. నీళ్ళు జెర సరిగ్గ పోస్తలేరా?"

"మా ఆవిడకి బద్ధకమండీ" అన్నాడు సత్యదేవ్ నవ్వుతూ. "పైకెక్కి రెండు బకెట్లు పొయ్యడానికి కూడా ఓపిక ఉండదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయనకి తెలుసు. ఆ కాయలు ఎందుకలా అయ్యాయో ఈ ఇంట్లో నాతోపాటు తెలిసినవాడు ఆయనొక్కడే. ఆ మాటకంటే, దానికి తోడుగా బయటికొచ్చిన నా నవ్వుకే నాకు ఎక్కువ సిగ్గేసింది. చెవులదాకా వేడెక్కింది.

"బద్ధకం కాదండీ. ఆ మొక్కలకి నీళ్ళు నేనే ఆపాను. కంది మీద పరిశోధన చేస్తున్నాను" అన్నాను.

"ఇప్పుడవన్నీ ఎందుకు?" అన్నాడు సత్యదేవ్, పళ్ళ మధ్యనుంచి.

అత్తయ్య చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. "అయ్యో, చదువుకోసం వేసినవా? ఒక్క మాట చెబితే ముట్టుకుందునా?"

"చెప్పడానికి సిగ్గేసిందత్తయ్యా."

అనుపమ గారు ప్లేటు మెల్లగా కింద పెట్టారు. "మాఫ్ చెయ్యమ్మా, నాకు తెల్వక అన్న."

వంటింట్లోకి పోకుండా అక్కడే, అందరి ముందే ఫోన్ తీశాను.

"మేడం, రేపు రాకండి. కాయలు లేవు. నేనే ఉడకబెట్టాను. తొలకరికి మళ్ళీ విత్తుతాను. ఈసారి ఇంట్లో అందరికీ చెప్పే విత్తుతాను."