ఒక్క మెతుకు పట్టి చూస్తే

నాటకం మొదలవడానికి ముందు మావగారు చప్పుళ్ళు వినిపించే పెట్టెకి పెన్‌డ్రైవ్ తగిలించి ఒకటో నంబరు నొక్కాడు. ఖాళీ హాల్లో వాన కురిసింది. ముందు చినుకులు, ఆ వెంటనే రేకుల మీద పడ్డట్టు ధార.

"మిగతావి కూడా వినిపించండి మావయ్యా," అంది కోడలు.

"అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి కుండంతా తింటామా అమ్మాయ్? ఒక్క మెతుకు చాలు." వాన ఆపేశాడు. బయట జనం అప్పటికే తలుపులు తోస్తున్నారు.

కోడలికి మనసు కుదుటపడలేదు. ఆ పెన్‌డ్రైవ్ పూచీ ఆమెది. ఆమె పెళ్ళికి ముందు నుంచీ ఈ నాటకాల జట్టుకి చప్పుళ్ళు పెట్టేది మావగారే. ఆయన పాత డిస్కు గీతలు పడి, కిందటి ఆటలో నత్తి కొట్టింది. జట్టుకి దర్శకుడు ఆయన సొంత బామ్మర్దే. ఆ రోజే తేల్చేశాడు. "ఇంకొక్క చప్పుడు తప్పిందా బావా, వచ్చే ఆట నుంచి అన్నీ ఒకే వరసలో రికార్డు చేయించి వదిలేస్తా. నువ్వు హాయిగా ముందు కుర్చీలో కూర్చుని చూద్దువుగాని."

ముందు కుర్చీ అంటే మర్యాదగా సాగనంపడమే. మావగారు ఇంట్లో నోరు విప్పడం మానేశాడు. అది చూడలేక కోడలే ఆ చప్పుళ్ళన్నీ తన ఇంటి కంప్యూటర్లోకి ఎక్కించి, గరగరలు తీసేసి, పెన్‌డ్రైవ్‌లోకి దింపింది. వాన, ఫోను, తలుపు, పసిబిడ్డ ఏడుపు, ముగింపు సంగీతం. ఐదే ఐదు.

తెర లేచింది. వాన పడింది. వేదిక మీద కోడలి అత్తగారే, ఒక్కతే ఉంది. నాటకంలో ఆమె కోడలికి లోపలి గదిలో నొప్పులు వస్తున్నాయి, కొడుకు దారిలో ఉన్నాడు. ఆ కొడుకు ఫోను చెయ్యాలి. మావగారు రెండు నొక్కాడు.

ఏమీ రాలేదు.

మళ్ళీ నొక్కాడు. చీమ చిటుక్కుమనలేదు. శబ్దం పెంచే మర పూర్తిగా తిప్పాడు. తెర చాటున పెట్టె పక్కనే నిలబడ్డ దర్శకుడి మొహం మాడిపోయింది. అత్తగారు ఫోను వైపు చూసింది, లోపలి గది వైపు చూసింది, చెంగుతో మొహం తుడుచుకుంది.

"వీడు చేసేదాకా కూర్చుంటే బిడ్డకి మీసాలొస్తాయి," అని తనే ఫోనెత్తి నంబరు తిప్పింది. హాలు నవ్వింది. గండం గడిచింది.

"బావా," అన్నాడు దర్శకుడు పళ్ళ మధ్య నుంచి.

"నాకూ చెవులున్నాయి బామ్మర్దీ, తర్వాత తిట్టుకో."

ఇప్పుడు తలుపు తట్టిన చప్పుడు రావాలి. కొడుకు వేషగాడు గుమ్మం అవతల తడిసిన చొక్కాతో సిద్ధంగా ఉన్నాడు. మావగారు మూడు నొక్కాడు. హాలు దద్దరిల్లేలా ఫోను మోగింది. మర తిప్పింది తిప్పినట్టే ఉండిపోయింది మరి.

కోడలు చెవులు మూసుకుంది. అత్తగారు మాత్రం రెప్ప వెయ్యలేదు. తీరిగ్గా వెళ్ళి ఫోనెత్తింది. "గుమ్మంలో నిలబడి ఫోను చేస్తావేంరా, తలుపుకి చేతులు అంటుకుంటాయా? లోపలికి తగలడు."

కొడుకు లోపలికి వచ్చాడు. జనం పగలబడి నవ్వుతున్నారు. దర్శకుడు నవ్వలేదు. "ఇక ఆ పెట్టె కట్టెయ్ బావా. ఏడుపు లోపల్నించి ఎవరో ఒకరు ఏడుస్తారు."

"పెద్దవాళ్ళు ఏడిస్తే పురుడనుకోరురా, పోయారనుకుంటారు."

ఆ నాటకమంతా ఆ ఏడుపు కోసమే. అది వినపడగానే అత్తగారు కూలబడాలి, తెర పడాలి. కోడలు పెట్టె మీద చిన్న అద్దంలోకి వంగి చూసింది. మూడు అని వెలుగుతోంది. దాని పక్కనే సన్నగా పది అని ఉంది.

తను పెట్టింది ఐదు. పది ఎక్కడివి?

అప్పుడు వెలిగింది. ఆఫీసులో ఉన్నవి వేరే రకం కంప్యూటర్లు. ఇంటి నుంచి ఏది పట్టుకెళ్ళినా అక్కడ ఒక్కోదానికి జతగా, అదే పేరుతో, ముందు చుక్క పెట్టుకుని ఇంకోటి కనిపించేది. తెరిస్తే తెరుచుకోదు. "నీ ఫైళ్ళన్నీ కవలలేనా తల్లీ?" అని పక్క సీటావిడ ఎకసెక్కెం. ఇంటి కంప్యూటరు వాటిని తనే పుట్టించి, తన దగ్గర మాత్రం కనపడకుండా దాచేస్తుంది. ఈ పెట్టెకి దాపరికం తెలీదు. వరసగా అన్నిటికీ నంబరు వేసేసింది.

"మావయ్యా, నాలుగు కాదు, ఏడు నొక్కండి," గుసగుసగా అంది. "ఒక్కోదాని వెనక ఒక మూగది చేరింది. వాన ఒకటి, దాని మూగది రెండు. ఫోను మూడు, దాని మూగది నాలుగు. తలుపు ఐదు, ఆరు. ఏడుపు ఏడు."

"ఖాయమేనా?"

"ఖాయమని చెప్పలేను. ఫోను మాత్రం మూడులో మోగింది."

"వరస తప్పితే?"

"ముగింపు సంగీతం రావచ్చు."

"బిడ్డ పుట్టకుండానే తెర," అన్నాడు మావగారు. ముందుగా చెవిలో వినే ఏర్పాటు ఆ పెట్టెకి లేదు. మెతుకు పట్టి చూసే వీల్లేదు. దర్శకుడి చెయ్యి తీగ మీదకి వచ్చింది, పీకెయ్యడానికి. మావగారు ఎడమ చేత్తో ఆ చెయ్యి పట్టుకుని, కుడి చేత్తో మర తగ్గించాడు. వేదిక మీద అత్తగారు లోపలి గది వైపు తిరిగి చెవి ఒగ్గింది.

ఏడు నొక్కాడు.

ఒక్క ఊపిరి తీసుకునేంత సేపు ఏమీ లేదు. తర్వాత లోపలెక్కడో బొంగురుగా, కోపంగా, కొత్త గొంతు విచ్చుకుంది. అత్తగారు గోడ పట్టుకుని జారి కూర్చుంది. హాల్లో ఎవరో ముక్కు చీదారు. తొమ్మిదిలో సంగీతం వచ్చింది. తెర పడింది.

జనం వెళ్ళిపోయాక దర్శకుడు తాళాల గుత్తి ఆడిస్తూ వచ్చాడు. కోడలు తల దించుకుంది.

"వచ్చే ఆటలో కూడా ఫోను తలుపు దగ్గరే మోగాలి," అన్నాడు. "కావాలని తప్పు మోగించడం రికార్డుకి చాతకాదు. నీకైతే వెన్నతో పెట్టిన విద్య. ఇంక పద బావా, తాళం వెయ్యాలి."

మావగారు కదల్లేదు. పెట్టె ముందు కుర్చీ లాక్కుని ఒకటి నొక్కాడు, వాన చివరిదాకా విన్నాడు. రెండు నొక్కి, పెట్టెకి చెవి ఆనించి కూర్చున్నాడు.

"అందులో ఏమీ లేదుగా బావా, ఖాళీవి కూడా వినాలా?"

"ముంచబోయింది అవేగా," అన్నాడు మావగారు, మూడు నొక్కుతూ.