ముప్పై ఒకటో వస్తువు

సామాన్లతో సహా అద్దెకిచ్చే ఫ్లాటులో దిగడమంత సుఖం ఇంకోటి లేదనేవాళ్ళు, చేరిన రోజు చేతికిచ్చే జాబితా చదివి ఉండరు. ఆ పెద్ద నగరంలో, పన్నెండు బ్లాకుల నివాస సముదాయంలో, ఏడో అంతస్తులో ఆ కుటుంబం దిగిన రోజున ఏజెంటు నాలుగు పేజీల జాబితా ఇచ్చాడు. సోఫా ఒకటి. గోడ గడియారం ఒకటి. చెంచాలు పన్నెండు, అందులో ఒకటి వంకర. ఇల్లాలు అన్నీ సరిచూసుకుంటూ చివరికొచ్చి పకపకా నవ్వింది.

"ముప్పై ఒకటి: పనిమనిషి, ఒకటి. చూశారా? ఈవిడ వంకరో తిన్ననో రాయలేదు," అంది భర్తతో.

భర్త కూడా నవ్వాడు. ఇద్దరూ కింద సంతకాలు పెట్టారు. చదువుకున్నవాళ్ళం కదా, సంతకం మాత్రం అందంగా పెడతాం.

జాబితాలోని ఆ మనిషికి యాభై ఎనిమిదేళ్ళు. ఆ ఫ్లాటులో అప్పటికే నాలుగు కుటుంబాలను చూసింది. ఏ కుళాయిని బతిమాలాలో, ఏదాన్ని దబాయించాలో ఆవిడకే తెలుసు. ఈడుకు ఈడు కుదిరిందేమో, ఇల్లాలి అత్తగారు మొదటి వారంలోనే ఆవిణ్ణి "వదినా" అనేసింది. ఇక రోజూ ఇద్దరికీ ఒకటే వాదులాట.

"వదినా, ఆ మూల ఊడ్చావా, దండం పెట్టి వదిలేశావా?"

"మీరు కదిలితే ఊడుస్తా. పొద్దుట్నుంచీ అక్కడే పాతుకుపోయారుగా!"

పదకొండు నెలలు ఇలా గడిచాయి. ఒప్పందం మళ్ళీ రాసుకునే ముందు ఏజెంటు తనిఖీకి వచ్చాడు. ఒక్కో వస్తువుకీ ఫోటో తీసి, దాని స్థితిని ఫోనులోకి చెప్పి రికార్డు చేసుకుంటున్నాడు. మంచివాడే. వంకర చెంచాలు రెండైనా ఏమీ అనలేదు.

చివరికి, "మీరిలా ఫ్రిజ్ పక్కన నిలబడండి," అన్నాడు గిన్నెలు కడుగుతున్న ఆవిడతో.

ఆవిడ తడిచేతులు తుడుచుకుంది. జుట్టు సర్దుకుంది. తనకూ ఫోటో తీస్తున్నారని మురిసిపోయి, ఊడిన పన్ను కనబడకుండా నవ్వింది కూడా.

ఏజెంటు ఫోనులోకి చెప్పాడు: "ముప్పై ఒకటి. పనిమనిషి. పాతది. మోకాళ్ళు అరిగాయి. సోమవారం మార్చాలి."

ఏం చెయ్యాలో తెలియక ఆవిడ నవ్వు అలాగే ఉండిపోయింది. "మార్చడమంటే... నన్నా బాబూ? ఈ వయసులో ఇంకో ఇల్లు నాకెవరు చూపిస్తారు?"

"ఏం అనుకోకండి. మీతోబాటు గీజరు కూడా మారుస్తున్నాం," అన్నాడతను, ఓదార్పుగా.

అత్తగారు సోఫాలోంచి లేచింది. "అయితే నన్నూ రాసుకో నాయనా. ముప్పై రెండు: అత్తగారు, ఒకటి. పాతది. మోకాళ్ళు రెండూ పోయాయి. నోరు మాత్రం భేషుగ్గా పనిచేస్తోంది. తియ్యి ఫోటో!" అంటూ వెళ్ళి వదిన పక్కన నిలబడింది.

ఏజెంటు ఫోను దించేశాడు.

ఇల్లాలికి ఈసారి నవ్వు రాలేదు. ఆ మోకాళ్ళు అరిగింది ఈ నేల మీదే. కాగితం మీద సంతకం తనదే. వెంటనే ఓనరమ్మకు ఫోను చేసింది.

"అయ్యో, ఆ జాబితా నేనెప్పుడూ చదవనే లేదమ్మా," అంది ఓనరమ్మ కంగారుగా. "ఎవరో ఎప్పుడో రాసిందే అలా నడుస్తోంది."

"నేను చదివానండీ. చదివి నవ్వాను. మీకన్నా తప్పు నాదే. ఆ లైను కొట్టేయించండి, కొత్తమనిషిని పంపకండి. ఈవిడ మా ఇంట్లో పనిచెయ్యాలో వద్దో ఆవిణ్ణే అడుగుతాను."

అవతలి నుంచి "అలాగే" అని వినిపించింది.

ఇల్లాలు ఆవిడ వైపు తిరిగింది. "మా ఇంట్లో చేస్తారా? మీకు ఇష్టమైతేనే."

ఐదు కుటుంబాల్లో తనను ఆ మాట ఎవరైనా అడగడం ఇదే మొదటిసారి. అందుకే ఆవిడ వెంటనే ఊఁ అనలేదు. తీరిగ్గా ఆలోచించింది.

"ఆదివారం రాను. నిలబడి నేల తుడుచుకునే కర్ర కొనాలి. ఇంకోటి, టీ నేనే పెట్టుకుంటా. మీ అత్తగారు పెట్టేది వట్టి వేన్నీళ్ళు."

"చూశావా పొగరు!" అంది అత్తగారు, కుర్చీ ఆవిడ దగ్గరికి జరుపుతూ.

ఇల్లు, సామాన్లు జాబితా ప్రకారం అద్దెకు దొరుకుతాయి. మనిషిని మాత్రం, ఇష్టమేనా అని అడిగే పిలుచుకోవాలి.