శుక్రవారం రెండు గంటల క్లాసు

"ఈ వారం కూడా ఒక్క ఆడది రాకపోతే ఆ క్లాసు ఎత్తేస్తాం. ఆదివారం కమిటీకి రాసి పడేస్తాను," అన్నాడు నిస్సీమ్ కోటు తొడుక్కుంటూ. భార్య పెర్లా బంగాళాదుంపల తొక్క తీస్తోంది. "మీ ఆడవాళ్ళకి చదువంటే శ్రద్ధ లేదు. అన్నట్టు, పారిస్ అతిథులు రాత్రి భోజనానికి మనింటికే వస్తున్నారు. చేప బాగా కుదరాలి సుమా!"

మీ ఆడవాళ్ళట! పెర్లాకి ఒళ్ళు మండిపోయింది.

ఆ క్లాసు కావాలని అడిగింది ఆమే. చిన్నప్పటినుంచీ ప్రార్థనా మందిరంలో మేడమీద తెర వెనకాల కూర్చుని, కింద మగవాళ్ళు ధర్మగ్రంథం తోరా చదువుతుంటే ఆమెన్ అంటూ వచ్చింది. "ఆమెన్ అంటే చాలు, అర్థాలు మగవాళ్ళు చూసుకుంటారు," అనేది పోయిన అత్తగారు. ఒక్కసారైనా ఆ వాక్యాల మీద వేలు పెట్టి, ఇదేమిటి, ఇలా ఎందుకు అని అడుగుతూ చదవాలని పెర్లా ఆశ. కాసాబ్లాంకాలో మన యూదులు తగ్గిపోతున్నారు, మతవిద్యకి కొత్త కార్యక్రమాలు పెట్టాలి అని కమిటీ హడావుడి మొదలుపెట్టినప్పుడు ఆమె ప్రాణం లేచొచ్చింది. కమిటీలో చదువుల వ్యవహారం నిస్సీమ్‌దే. పిల్లలకి పాటల బడి పెట్టారు, కుర్రాళ్ళకి సాయంత్రం పాఠాలు పెట్టారు. ఆడవాళ్ళ కోసం జెరూసలేంలో చదువుకున్న తెహిలా అనే పంతులమ్మని పిలిపించారు. కరపత్రాలు మడిచి కవర్లలో పెట్టింది పెర్లా, వేదికెక్కి చప్పట్లు కొట్టించుకున్నది నిస్సీమ్.

తీరా చూస్తే క్లాసు శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి! పొద్దు వాలితే షబ్బాత్, వారానికోసారి వచ్చే విశ్రాంతి దినం. మర్నాడు చీకటి పడేదాకా పొయ్యి వెలిగించకూడదు, కలం పట్టకూడదు. రాత్రికి చేప, రేపటికి గోధుమలూ శనగలూ గుడ్లూ వేసిన స్ఖీనా, అన్నీ ఆలోపే పొయ్యెక్కాలి. ఆ వేళకి ఈ ఊళ్ళో ఏ యూదు ఆడదాని చేతులు ఖాళీగా ఉంటాయి?

"ఆ టైములో హాలు ఖాళీగా ఉంటుందే," అన్నాడు నిస్సీమ్ అప్పట్లో.

"ఎందుకు ఖాళీగా ఉంటుందో ఆలోచించారా?"

"గురువారమే వండేసుకోవచ్చుగా!"

ఎవరీ మాట అన్నది? నిన్నటి చేప పెడితే కంచం అవతలికి నెట్టే మనిషి. కమిటీ నిండా పండితులే, ఒక్కడికీ తన కంచంలోకి కూడు ఏ వేళకి ఉడుకుతుందో తెలియదు! ఇప్పుడేమో శ్రద్ధ లేదని రాస్తాడట. ఆ ముక్క ఒకసారి రాశాడా, ఇక ఈ ఊళ్ళో ఆడవాళ్ళకి ఇంకో క్లాసు పెట్టే నాథుడుండడు. ఆ పంతులమ్మ ఖాళీ కుర్చీల ముందు ఎంత చిన్నబోయి ఉంటుందో!

పెర్లా కత్తి కింద పెట్టింది. నానిన శనగలు నానినట్టే ఉన్నాయి, చేప ఫ్రిజ్‌లోనే ఉంది. పైఅంతస్తు హనీనాకి ఫోన్ చేసింది.

"క్లాసుకి వెళ్తున్నాను, వస్తావా?"

"పిచ్చెక్కిందా వదినా? నా స్ఖీనా ఎవరు పెడతారు?"

"ఎవరూ పెట్టరు. నేనూ పెట్టడంలేదు."

అవతల గరిటె కింద పెట్టిన చప్పుడైంది. "ఉండు, మా చెల్లెళ్ళకీ, వీధిలో మిగతావాళ్ళకీ చెప్తాను," అంది హనీనా.

నిస్సీమ్ ప్రార్థన ముగించుకుని అతిథులతో ఇంటికొచ్చేసరికి షబ్బాత్ దీపాలు చక్కగా వెలుగుతున్నాయి. అవి వేళకే వెలిగించింది పెర్లా. బల్లమీద పొద్దున కాల్చిన రొట్టె, ద్రాక్షసారా, ఒక గిన్నెలో ఆలివ్‌లు ఉన్నాయి. అంతే.

"చేపేదీ?" అన్నాడు నిస్సీమ్, నవ్వుతూనే. వంటింట్లోకి తొంగిచూశాడు. చల్లటి పొయ్యి మీదికి చెయ్యి పోనిచ్చి, చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. ఇక రేపు రాత్రిదాకా ఆ పొయ్యి వెలిగించడానికి వీల్లేదు. ధర్మం ఆయనకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు!

"పోనీ హనీనా వాళ్ళింట్లో అడిగి తెస్తాను," అని గొణిగాడు.

"వాళ్ళ పొయ్యీ వెలగలేదు. ఈ వీధిలో మనవాళ్ళ ఇళ్ళలో ఏ పొయ్యీ వెలగలేదు."

"ఇంతమంది ఆడవాళ్ళూ ఎక్కడికి చచ్చారు?" గొంతు తగ్గించడం కూడా మర్చిపోయాడు. అతిథులు ఆలివ్‌ల కేసి చూస్తూ కూర్చున్నారు.

పెర్లా కుర్చీ లాక్కుని, వాళ్ళతో పాటు బల్ల దగ్గర కూర్చుంది. శుక్రవారం రాత్రి భోజనానికి అందరితో కలిసి కూర్చోవడం ఆమెకి ఇదే మొదలు.

"ఆదివారం కమిటీకి రాస్తానన్నారుగా, తప్పకుండా రాయండి," అంది. "క్లాసుకి అందరం వచ్చాం. వంటకి మాత్రం ఒక్క ఆడదీ రాలేదు."