పోలమ్మ చూపించిన మందుల డబ్బా

పత్రిక విజయవాడ డెస్క్ నుంచి సతీష్ ఫోన్ చేసేసరికి కోటిలింగం బందరు బస్టాండు ఎదురుగా టీ తాగుతున్నాడు. బందరులో ఆ పత్రికకు విలేకరిగా అతను చేరి ఇరవై రెండేళ్లయింది.

"రోజా వాళ్లింటికి వెళ్లండి కోటిలింగం గారూ. పరుగులో నలభై సెకన్లు ఒక్కసారిగా ఎలా తగ్గాయో అడగండి. ఇంట్లో ఏం వాడుతోందో కూడా చూడండి."

"ఏం వాడుతుందండీ? అన్నం, చేపల కూర."

"అదేదో వాళ్ల చేతే చెప్పించండి. అందరూ అనుమానిస్తున్నారు."

ఆ అందరూ ఎవరో సతీష్ చెప్పలేదు.

రోజా మంగినపూడి అవతల పల్లెపాలెం పిల్ల. తండ్రి బంగార్రాజు సముద్రం మీద వేటకు వెళ్తాడు, తల్లి పోలమ్మ బందరులో చేపలమ్ముతుంది. తడి ఇసుకలో చెప్పుల్లేకుండా పరిగెత్తే ఆ పిల్ల గురించి మొట్టమొదట రాసింది కోటిలింగమే. ఆ వార్త చూసే గుడివాడ డ్రిల్లు మాస్టారు వీరేంద్ర ఆమెను చేరదీసి ఆరేళ్లు తర్ఫీదిచ్చాడు. పోయిన వారం జాతీయ పోటీల్లో రోజా పదివేల మీటర్ల పరుగు గెలిచింది. రెండో స్థానం గీతాంజలిది. హైదరాబాదులో పేరుమోసిన అకాడమీ అమ్మాయి. తన పాత సమయంలో ఆమె కూడా నలభై ఐదు సెకన్లు తగ్గించింది. దాన్ని పత్రిక శాస్త్రీయ శిక్షణ ఫలం అని రాసింది. రోజా గెలుపు పక్కన మాత్రం ప్రశ్నార్థకం పెట్టింది.

కోటిలింగం వెళ్లేసరికి పోలమ్మ వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. అతన్ని చూడగానే లేచి చేతులు కడుక్కుంది.

"రా అన్నయ్యా! నువ్వొత్తావని నాకు తెలుసు. ఆ టీవీవోళ్లు మా పిల్లని దొంగని సూసినట్టు సూత్తన్నారు."

రోజా గడపలో కూర్చుని కాలికి కట్టు కట్టుకుంటోంది. "పరుగు అయిపోగానే రక్తం, మూత్రం ఇచ్చాను మావయ్యా. ఎన్నిసార్లు అడిగినా ఇస్తాను. కానీ వీళ్లు అడిగేది అది కాదు. నీకింత బలం ఎక్కడిదని అడుగుతున్నారు."

పోలమ్మ లోపలికి వెళ్లి ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చింది. అందులో ఆశా కార్యకర్త ఇచ్చిన ఐరన్ మాత్రలు, బంగార్రాజు ఆయాసం మందు, నొప్పులకు రాసుకునే తైలం. డబ్బాను రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

"మా ఇంట్లో ఉన్నయి ఇయ్యే. ఫోటో తియ్యి అన్నయ్యా. జనం సూసుకోనీ."

రోజా వద్దంది. పోలమ్మ వినలేదు. కోటిలింగం తీశాడు. వెలుతురు ఆమె ముఖం మీద బాగా పడింది, మంచి ఫోటో వచ్చిందని కూడా అనుకున్నాడు. ప్రతి మందు ఎవరిదో, ఎందుకో వివరంగా రాసి పంపాడు.

మర్నాడు ఆ ఫోటో మొదటి పేజీలో వచ్చింది. పైన 'ఆ డబ్బాలో ఏముంది?' అని పెద్ద అక్షరాలు. అతను రాసిన వివరం ఒక్కటీ లేదు.

"రాసింది తీసేశారేంటండీ?" అని ఫోన్లో అరిచాడు.

"ప్రశ్నే కదా అడిగాం. తప్పని అనలేదుగా," అన్నాడు సతీష్ నెమ్మదిగా.

ఆ వారమే అంతర్జాతీయ పోటీల శిక్షణ శిబిరం నుంచి రోజాకి కబురొచ్చింది: పరీక్ష ఫలితం తేలేదాకా రావద్దు. గీతాంజలి ఫలితం కూడా రాలేదు, అయినా ఆమెను రమ్మన్నారు. బందరు మార్కెట్లో పోలమ్మ దగ్గర చేపలు కొనేవాళ్లు "మీ అమ్మాయి తినే చేపలేవో మాకూ ఇవ్వవే" అని నవ్వేవారు. రోజా పరిగెత్తుతుంటే బీచికి వచ్చినవాళ్లు ఇంజెక్షన్ అని కేకలేసేవారు. కొన్నాళ్లకు ఆమె తెల్లవారక ముందే పరిగెత్తి వచ్చేది. తర్వాత అదీ మానేసింది.

ఆరో వారంలో ఫలితాలొచ్చాయి. రోజా రక్తంలో ఏ దోషమూ లేదు. గీతాంజలి రక్తంలో నిషేధించిన మందు దొరికింది. రోజాని ఆ పోటీలకు పంపమని వీరేంద్ర ఢిల్లీ దాకా వెళ్లి అడిగాడు. పేర్లు పంపే గడువు నాలుగు రోజుల క్రితమే దాటిపోయిందన్నారు.

పత్రికలో గీతాంజలికి సగం పేజీ ఇచ్చారు. జలుబు చేస్తే దగ్గు మందు తాగిందట, అందులో ఏముందో తెలియదట, తల్లి ఒళ్లో తలపెట్టుకుని ఏడ్చిందట. రోజా గురించి కోటిలింగం పంపిన అరవై లైన్లలో జిల్లా పేజీ అడుగున నాలుగు వచ్చాయి. అందులోనూ రోజాకి బదులు రాజా అని పడింది.

అప్పటికి రోజా దివిసీమలో నాగాయలంక దగ్గర రొయ్యల షెడ్డులో పనికి కుదిరింది. పేపరు తీసుకుని కోటిలింగం అవనిగడ్డ బస్సెక్కాడు. మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె బయటికొచ్చింది. ఐసులో నాని వేళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నాలుగు లైన్లూ నిలబడే చదివింది.

"పేరు తప్పేశారు మావయ్యా."

"సవరణ వేయిస్తానమ్మా. నాది తప్పు. ఆ ఫోటో..."

"వద్దు. మళ్లీ వేస్తే మళ్లీ గుర్తొస్తుంది అందరికీ. ఇక్కడ ఇంకా ఎవరికీ తెలియదు." పేపరు మడిచి అతనికే ఇచ్చేసింది. "అమ్మకి మాత్రం చెప్పకు, పేరు తప్పుపడిందని. తనకి చదువు రాదుగా. పేపర్లో వచ్చిందంటే చాలు, సంతోషిస్తుంది."

"వచ్చే ఏడు పోటీలున్నాయి కదమ్మా. వీరేంద్ర గారు..."

"ఆయనకి చెప్పేశాను," అని లోపలికి వెళ్లిపోయింది.

మూడు నెలలకే గీతాంజలి మీద వేసిన నిషేధం తీరింది. గుడివాడ స్టేడియంలో ఆరోగ్య పరుగు ప్రారంభించడానికి ఆమెను పిలిచారు. ఆ ఊరి విలేకరి సెలవులో ఉంటే సతీష్ కోటిలింగాన్ని పంపాడు. పిల్లలు ఆమె చుట్టూ మూగి సెల్ఫీలు దిగుతున్నారు. అతను దగ్గరికి వెళ్లి అడిగాడు.

"ఆ దగ్గు మందు పేరేంటమ్మా?"

ఆమె తల దించుకుంది. నిర్వాహకుడు చటుక్కున మధ్యలోకొచ్చాడు. "అలాంటివి వద్దండీ. పాపం, చాలా బాధపడింది."

స్టేడియం అవతలి కొసన వీరేంద్ర ఒంటరిగా సున్నంతో పరుగు గీతలు గీస్తున్నాడు. కోటిలింగాన్ని చూశాడు, పలకరించలేదు.

సాయంత్రం అయిదింటికల్లా కోటిలింగం గీతాంజలి మీద వార్త పంపాడు. పడిలేచిన కెరటం అని శీర్షిక కూడా తనే పెట్టాడు. బాగుందన్నాడు సతీష్.